అమ్మమ్మ కూర్చుంటేనే తింటుందట

ఈసారి జూన్ మూడో వారంలో వైజాగ్‌లో దిగాం. ఏటా నాకు సెలవు దొరికేది అప్పుడే, మామిడిపళ్లకి కాస్త ఆలస్యమే గానీ చేపలకి మాత్రం సరిగ్గా అందుతాం. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్లకి వేట నిషేధం కదా, అది అయిపోయి పడవలు మళ్లీ సముద్రంలోకి వెళ్లొస్తున్న రోజులు. నాన్న తెల్లారకుండానే ఫిషింగ్ హార్బర్‌కి వెళ్లి వంజరం తెచ్చారు, అమ్మ నాలుగు ముక్కలు వేయించి మిగతాది పులుసు పెట్టింది. ఎంవీపీ కాలనీలో మా ఇంటి టేబుల్ దగ్గర అందరం కూర్చున్నాం, అమ్మ తప్ప.

ఏడేళ్ల చిన్నాడు అప్పుడే పప్పన్నంలో చెయ్యి పెట్టేశాడు. పదకొండేళ్ల పెద్దది మాత్రం చేతులు ఒళ్లో పెట్టుకుని బుద్ధిగా కూర్చుంది. నెయ్యి కరిగి అన్నంలోకి ఇంకిపోతోంది, ఇది కదలదు. అమ్మ నావైపు చూసి "ఏటే, గుంట ముద్ద ముట్టట్లేదు, కారం ఎక్కువైందా?" అంది. ముట్టుకోకుండానే కారం ఎలా తెలుస్తుందో అమ్మకే తెలియాలి.

"అమ్మమ్మ ఇంకా కూర్చోలేదు కదా" అంది పెద్దది.

తప్పు నాదే. రెండేళ్ల క్రితం అమెరికాలో మేముండే ప్లేనోలో దాని ఫ్రెండ్ ఇంట్లో డిన్నర్‌కి పిలిస్తే, ప్లేటు ముందుకు రాగానే ఇది తినడం మొదలుపెట్టిందట. ఎవరూ ఏమీ అనలేదు, అందరూ ఆగి ఉన్నారని అదే గమనించి ఇంటికొచ్చి ఏడ్చింది. నాకూ సిగ్గేసింది, ఎందుకంటే అక్కడికి వెళ్లిన కొత్తలో ఆఫీసు డిన్నర్లలో నేను అచ్చం అలాగే చేసి, పక్కవాళ్లని చూసి నేర్చుకున్నదాన్ని. ఆ వారమే కూర్చోబెట్టి అన్నీ చెప్పాను. న్యాప్‌కిన్ ఒళ్లో వేసుకోవాలి, ఇంటావిడ కూర్చుని ఫోర్క్ తీసేదాకా మొదలుపెట్టకూడదు, దూరంగా ఉన్న గిన్నె కోసం ఒంగకుండా అందించమని అడగాలి, తినడం అయ్యాక ఫోర్కూ కత్తీ పక్కపక్కన పెట్టాలి. చెప్పినవన్నీ పాటించింది పాపం. ఇది అమెరికాకే అని చెప్పడం నేను మర్చిపోయాను.

"నేను కూర్చుంటే మీకు పులుసు ఎవరు పోస్తారమ్మా?" అంది అమ్మ. అది సాకు కాదు, నిజం. అక్కడ వాళ్ల టేబుల్ మీద వండినవన్నీ ఒక్కసారే పెట్టేస్తారు, గిన్నె చేతులు మారుతూ చుట్టూ తిరుగుతుంది, వండినావిడ కూడా కూర్చోవచ్చు. మన భోజనం అలా కాదు, పప్పు అయ్యాక కూర, తర్వాత పులుసు, చారు, చివరికి పెరుగు, ఒక్కో దానికీ మళ్లీ వేడన్నం. పైగా కుడిచెయ్యి ఎంగిలయ్యాక గరిటె ముట్టుకోకూడదు. ఎడంచేత్తో ఎవరిది వాళ్లు వేసుకోవచ్చు గానీ ఇంకొకళ్లకి ఎడంచేత్తో వడ్డించడం అమ్మకి నచ్చదు. అంటే ఎంగిలి పడని మనిషి ఒకరు నిలబడే ఉండాలి. ఇన్నేళ్లుగా ఆ మనిషి అమ్మ. ఇదంతా ఓ పద్ధతి ప్రకారం జరుగుతోందని పిల్ల మొండికేసేదాకా నాకూ తట్టలేదు.

ఆ పూట ఎలాగో బతిమాలి తినిపించాను. మర్నాడు అమ్మ తెలివిగా ఓ కంచం తెచ్చుకుని, అందులో గరిటెడు అన్నం వేసుకుని, కుర్చీ అంచున కూర్చుంది. పెద్దది తృప్తిగా మొదలుపెట్టింది. రెండో నిమిషంలో అమ్మ లేచి వంటింట్లోకి. మూడో రోజుకి దొరికిపోయింది. "అమ్మమ్మా, నువ్వు అందులో చెయ్యే పెట్టలేదు, ఆరుసార్లు లేచావు, నేను లెక్కపెట్టాను" అంది పెద్దది. నాన్న పడీ పడీ నవ్వారు. ఆయన జన్మలో గరిటె పట్టుకోలేదు, నవ్వడానికేం!

ఆ ఆదివారం గాజువాకలో చుట్టాల గృహప్రవేశం. ఈ రోజుల్లో అరుదుగానీ వాళ్లు బఫే పెట్టకుండా బంతి భోజనాలే పెట్టారు. అరిటాకు కొస ఎడమవైపు ఉండాలని చెప్పాను. ఉప్పు, పచ్చడి, పులిహోర, పప్పు అన్నీ వస్తున్నాయి, ఎవరూ తినడం లేదు. బంతి అంతటికీ వడ్డించాక ఓ పెద్దాయన "కానివ్వండి" అంటే అప్పుడు అందరూ కలిపారు. చిన్నాడికి తొందరగా అయిపోయి లేవబోతే, పక్కన కూర్చున్నావిడ ఎవరో భుజం పట్టి కూర్చోబెట్టింది, పక్కవాళ్లు తింటుండగా లేవకూడదని. పెద్దది నా చెవిలో "ఇక్కడ కూడా ఆగుతారు కదా, మరి ఇంట్లో ఎందుకు ఆగరు?" అంది. ఏం చెప్పను? ఆగడం మనకీ ఉంది, పక్కన కూర్చున్నవాళ్ల కోసం ఆగుతాం. వడ్డించేవాళ్ల కోసం ఆగం. నాకు పెళ్లయ్యేదాకా ఆ ఇంట్లోనే తిన్నాను, అమ్మ ఎన్నింటికి తింటుందో ఒక్కరోజూ అడగలేదు.

అలాగని అమెరికా పద్ధతే గొప్పదని నేననను. అక్కడ "ఇంకొంచెం?" అని ఒక్కసారే అడుగుతారు. మొహమాటానికి వద్దంటే గిన్నె పక్కకి వెళ్లిపోతుంది, కొత్తలో నేను చాలాసార్లు అర్ధాకలితో ఇంటికొచ్చి ఆవకాయన్నం కలుపుకున్నాను. అమ్మ దగ్గర వద్దంటే అది బేరం మొదలైనట్టు, కంచం మీద చెయ్యి అడ్డం పెడితేగానీ నమ్మదు.

రెండో వారానికి ఓ పద్ధతి కుదిరింది. పెరుగు దాకా అన్నీ టేబుల్ మీదకి తెచ్చేసుకున్నాం. వడ్డన వంతులవారీగా, ఆ పూట వంతు వచ్చినవాళ్లు తర్వాత తినాలి. నాన్న వంతు రోజున చారు కొంత గ్లాసుల్లోకి, ఎక్కువ టేబుల్ మీదకి వెళ్లింది. అమ్మ కూర్చుని తింటూ ఉప్పు తక్కువైందని తన వంటకి తనే వంక పెట్టింది. వేడిగా తింటే అలా తెలుస్తుందట, ఎప్పుడూ చల్లారాక తినేది కదా.

ఇప్పుడు ప్లేనోలో మా ఇంట్లోనూ ఇదే నడుస్తోంది. "అమ్మా, కూర్చో" అని కేక వేసి, నేను వచ్చేదాకా పెద్దది ముట్టుకోదు. ఒక్క దోసెల రోజు మాత్రం ఆ రూలు లేదని ఒప్పించాను. పెనం మీద దోసె పెట్టి నేనెక్కడ కూర్చోను? దానికీ వాళ్ల నాన్న ఉన్నారుగా అంది. ఆయనకి ఇంకా దోసె గుండ్రంగా రావడం లేదు.