మూడు వేళ్ళ దూరంలో

అమ్మ మణికట్టు దగ్గర సూది గుచ్చుతుంటే కళ్ళు మూసుకున్నది నేను. అమ్మ మాత్రం, "చీమ కుట్టినంత కూడా లేదే!" అంది.

ఆక్యుపంక్చర్ అంటే ఒంట్లో కొన్ని చోట్ల సూదులు గుచ్చే చైనా వైద్యం. వెంట్రుకలా సన్నగా ఉంది సూది. మణికట్టు ముడత నుంచి మోచేతి వైపు మూడు వేళ్ళ దూరంలో, రెండు స్నాయువుల మధ్య. ఆ చోటుని పీ6 అంటారట. చైనా పేరు నెయ్‌గ్వాన్.

కీమో అయిన మర్నాటి నుంచి అమ్మకి పోపు వాసన కూడా పడటం లేదు. వికారానికి ఆక్యుపంక్చర్ పనిచేస్తుందని అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ (ఎన్‌ఐహెచ్) నిపుణుల బృందం 1997లోనే చెప్పిందని చదివాక, ధైర్యం చేసి క్యాన్సర్ డాక్టర్‌ని అడిగాను. రక్తపరీక్షలో తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు చూశాకే సరే అన్నారు. వాంతుల మాత్ర మాత్రం ఆపొద్దన్నారు. ఆపలేదు.

ఇది క్యాన్సర్‌ని తగ్గించదు. అలా తగ్గిస్తామని ఎవరైనా అంటే దయచేసి అక్కడినుంచి లేచి వచ్చేయండి. నాకు కావలసింది అమ్మ నాలుగు ముద్దలు తినడం, అంతే.

సూది వల్లో, మాత్ర వల్లో, రెండూ కలిసో చెప్పలేను. రాత్రి చారన్నం కలిపి పెడితే పళ్ళెం ఖాళీ చేసింది. "కాస్త మజ్జిగ పొయ్యవే" అని తనే అడిగింది.

వారమైంది, అమ్మ ఏదైనా కావాలని అడిగి.