పారిస్ నుంచి వెర్సాయ్ దాకా, కాలినడకన

"రైలెక్కితే నలభై నిమిషాలమ్మా. ఇరవై కిలోమీటర్లు నడవడమేంటి, నీ మోకాళ్లతో?" అంది మా అమ్మాయి. దాని దగ్గరికి వెళ్లేటప్పుడు అక్టోబర్ 5 నాటికి పారిస్‌లో ఉండేలా చూసుకుని టికెట్ తీసుకున్నానని దానికి అప్పటికి చెప్పలేదు.

తూర్పు గోదావరి జిల్లాలో ప్రభుత్వ హైస్కూల్లో చాలా ఏళ్లు సోషల్ చెప్పాను. తొమ్మిదో తరగతిలో ఫ్రెంచి విప్లవం పాఠం మొదలుపెట్టగానే ఎవరో ఒకరు అడిగేవారు, "యానాంలో ఉన్న ఫ్రెంచోళ్లేనా టీచర్ వీళ్లు?" అని. 1954 దాకా యానాం వాళ్ల చేతిలోనే ఉంది కదా, మా వైపు పిల్లలకి ఆ మాట కొత్త కాదు. పారిస్‌లో జైలుగా వాడిన బాస్టీల్ కోట ముట్టడికి ఒక పీరియడంతా ఇచ్చేదాన్ని. అదే ఏడాది, 1789 అక్టోబర్ 5న, పారిస్ ఆడవాళ్లు వెర్సాయ్‌లోని రాజు కోట దాకా నడిచారన్నది మాత్రం ఒక్క వాక్యంలో చెప్పి ముందుకు వెళ్లిపోయేదాన్ని. రిటైరయ్యాక తీరిగ్గా చదువుకుంటుంటే నేను వదిలేసింది ఎంత పెద్ద సంగతో తెలిసొచ్చింది. అప్పటినుంచీ ఆ దారి నడవాలని మనసులో పడింది.

ముందు రోజు బాస్టీల్‌కి వెళ్లాం. అక్కడ కోట లేదు. జులై 14న జనం పట్టుకున్నాక మొత్తం పడగొట్టేశారు. ఆ రాళ్లు కొన్ని సేన్ నది మీద కాంకార్డ్ వంతెనలోకి వెళ్లాయి. కూడలి మధ్యలో ఉన్న ఎత్తైన స్తంభం 1830 నాటి తిరుగుబాటులో పోయినవాళ్ల కోసం కట్టింది. మెట్రో ఐదో లైను ప్లాట్‌ఫాం మీద మాత్రం పాత పునాది రాళ్లు కొన్ని మిగిలాయి. రైళ్లు వస్తూ పోతూ ఉంటే వాటి దగ్గర కాసేపు నిలబడ్డాం.

మర్నాడు పొద్దున్నే లే హాల్‌లో నడక మొదలుపెట్టాం. ఒకప్పుడు పారిస్‌కంతటికీ తిండి సరుకు వచ్చే మార్కెట్ అది. 1969లో దాన్ని ఊరి బయటికి మార్చేశారు. ఇప్పుడక్కడ నేల కింద పెద్ద షాపింగ్ మాల్ ఉంది. ఆ మార్కెట్లో చేపలమ్మే ఆడవాళ్ల మాటకి ఎదురుండేది కాదట. కాకినాడ రేవులో చేపల బేరం చేసే ఆడవాళ్ల గొంతు విన్నదాన్ని, ఆ మాట నాకు వింతగా అనిపించలేదు.

ఆ ఆడవాళ్లు కదలడానికి కారణం ఆకలి. 1788లో వడగళ్లు పంటని కొట్టేశాయి. ఆ తర్వాతి చలికాలం నదులు గడ్డకట్టేంత కఠినంగా వచ్చింది. మామూలుగా 8, 9 సూలకి (సూ అంటే అప్పటి ఫ్రెంచి నాణెం) దొరికే నాలుగు పౌన్ల, అంటే దాదాపు రెండు కిలోల, రొట్టె 1789లో 14.5 సూలకి ఎక్కింది. కూలివాడికి రోజంతా కష్టపడితే వచ్చేది 20 నుంచి 30 సూలు. అంటే రోజు కూలిలో సగం, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ, ఒక్క రొట్టెకే పోతుంది. అద్దె, కట్టెలు, పిల్లల బట్టలు, అన్నీ మిగిలిన దాంట్లోనే. రొట్టె దుకాణం ముందు చీకటితో వచ్చి వరసలో నిలబడేది ఆడవాళ్లే, ఉత్త చేతులతో ఇంటికెళ్లి పిల్లల మొహం చూడాల్సిందీ వాళ్లే. ఈలోగా అక్టోబర్ 1న వెర్సాయ్‌లో రాజుగారి అంగరక్షకులు సైనికులకి పెద్ద విందు ఇచ్చారన్న కబురు పారిస్‌కి చేరింది. నాలుగు రోజులకి ఒక అమ్మాయి మార్కెట్లో డప్పు వాయించడం మొదలుపెట్టింది.

జనం ముందు సిటీ హాలు మీదికి వెళ్లి ఆయుధాలు, ఫిరంగులు తీసుకున్నారు. ఆ భవనం 1871లో తగలబడింది, ఇప్పుడున్నది తర్వాత కట్టింది. అక్కడినుంచి నది ఒడ్డునే నడిచాం. ట్విలరీ తోట దాటాక కాంకార్డ్ కూడలి వచ్చింది. 1793 జనవరి 21న ఆ రాజు, పదహారో లూయీ, తల తెగింది అక్కడే. పర్యాటకులందరూ ఆగి ఫొటోలు తీసుకుంటున్నారు. నాకు ఆగాలనిపించలేదు. 1789లో ఆ రోజు నాటికి ఆ ఆడవాళ్ల మనసులో రాజుని చంపడం లేదు, రాజు తమ మధ్యకి వస్తే రొట్టె వస్తుందనే నమ్మకం ఉంది.

మధ్యాహ్నానికి సేవ్ర్ వంతెన దాటాం. ఆ ఊళ్లో పింగాణీ ఫ్యాక్టరీ ఉంది. అప్పట్లో అది రాజుగారి సొంతం, అక్కడి పళ్లేలు కోటల్లో భోజనాల బల్లల మీదికి వెళ్లేవి. ఆ రోజు వానలో తడిసి వచ్చిన వేలమంది ఆడవాళ్లు ఇదే ఊళ్లో ఆగి తినడానికి అడిగితే దుకాణాలు మూసి ఉన్నాయి, దొరికిన రొట్టె ఏ మూలకీ సరిపోలేదు. నా చేతిలో మా అమ్మాయి కొన్న రొట్టె ఉంది. బెంచీ మీద కూర్చుని చాలాసేపు దాన్ని తినలేకపోయాను.

అక్కడినుంచి ఎత్తు. షావిల్, విరోఫ్లే ఊళ్ల మీదుగా ఒకటే రోడ్డు. మాకు వాన లేదు, కాళ్లకి మంచి బూట్లున్నాయి, అయినా మోకాళ్లు మొరాయించాయి. మా అమ్మాయి బస్సెక్కుదామని ఒక్కసారి కూడా అనలేదు.

వెర్సాయ్‌లో పారిస్ అవెన్యూ మీద, కోటకి కాస్త ముందు, మెనూ ప్లెజీర్ అనే పాత భవనం ఉంది. 1789లో జాతీయ సభ సమావేశమైంది దాని ఆవరణలోని హాల్లోనే. ఆ హాలు ఇప్పుడు లేదు. మనుషులందరూ పుట్టుకతో స్వేచ్ఛగా, సమానంగా ఉన్నారన్న మానవ హక్కుల ప్రకటనని ఆగస్టు 26న అక్కడే ఆమోదించారు. నేను క్లాసులో బోర్డు మీద రాయించిన ప్రకటన అది. కానీ రాజు దానికి ఒప్పుకోకుండా వారాల తరబడి నాన్చాడు. అక్టోబర్ 5 సాయంత్రం బురద బట్టలతో ఆడవాళ్లు ఆ హాల్లోకి వచ్చి ప్రతినిధుల బెంచీల మీద కూర్చున్నారు. కొందరు రాజుని కలిశారు, ఆయన ముందు మాట్లాడబోయిన పదిహేడేళ్ల అమ్మాయి సొమ్మసిల్లి పడిపోయింది. రాజు ధాన్యం పంపిస్తానన్నాడు. ఆ రాత్రికే ప్రకటనకీ ఒప్పుకున్నాడు. ఆ ఆడవాళ్ల నడకనీ ఆ ప్రకటననీ కలిపి నేను ఏ క్లాసులోనూ చెప్పలేదు. ఆ గేటు ముందు నిలబడి ఉంటే కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఆ రాత్రి ఆ ఊళ్లోనే చిన్న గది తీసుకుని పడుకున్నాం. పొద్దున కోట చూశాం. అద్దాల హాలు గురించి రాసినవాళ్లు చాలామంది ఉన్నారు, నేను రాణి పడకగది గురించి చెబుతాను. మంచం పక్కన గోడలో కలిసిపోయినట్టు చిన్న తలుపుంది. అక్టోబర్ 6 తెల్లవారుజామున జనం కోటలోకి చొరబడితే రాణి మారీ ఆంట్వానెట్ రాజు గదికి పారిపోయింది ఆ తలుపులోంచే. ఇద్దరు కాపలావాళ్లని చంపి తలలు బల్లేలకి గుచ్చారు. అదీ ఆ రోజు కథలో భాగమే, దాన్ని దాచి చెప్పకూడదు. రొట్టె లేకపోతే కేకులు తినమన్న మాట కూడా ఆ రాణి అన్నది కాదు. ఆమె చిన్నపిల్లగా ఉన్నప్పుడే, ఎవరో రాకుమారి అన్నదని రూసో అనే రచయిత రాసిన మాట. నేను ఏళ్ల తరబడి పిల్లలకి తప్పు చెప్పాను.

ఆ మధ్యాహ్నం రాజకుటుంబం జనంతో కలిసి పారిస్ బయల్దేరింది, పిండి బళ్లు కూడా వెంట వెళ్లాయి. రాజునీ రాణినీ వాళ్ల కొడుకునీ ఉద్దేశించి, రొట్టెలు చేసేవాణ్ణి, వాడి పెళ్లాన్ని, వాడి కుర్రాణ్ణి తీసుకొస్తున్నామని జనం అరుచుకుంటూ నడిచారు. రాజు మళ్లీ ఆ కోటలో కాపురం ఉండలేదు.

మేం రైల్లో తిరిగొచ్చాం. కిటికీలోంచి విరోఫ్లే, షావిల్ స్టేషన్ల బోర్డులు వెనక్కి పోతుంటే మా అమ్మాయి ఉన్నట్టుండి అడిగింది.

"అమ్మా, ఆ సొమ్మసిల్లిన అమ్మాయికి ఎన్నేళ్లన్నావు?"

"పదిహేడు."

"అంటే నీ తొమ్మిదో తరగతి పిల్లలకన్నా మూడేళ్లే పెద్దది."