అప్పడాల కర్రలతో గిటార్ల స్టాండు

తిరుపతిలో సొంత ఇల్లున్నవారికి చుట్టాల కొరత ఉండదు. బ్రహ్మోత్సవాలు వచ్చాయంటే మా ముందుగది నిండా చాపలే. సాయంత్రాలు నేను పిల్లలకు గిటారు నేర్పేదీ ఆ గదిలోనే. రెండు అకూస్టిక్‌లు, ఒక క్లాసికల్, ఒక ఎలక్ట్రిక్, మా తమ్ముడు వదిలేసి వెళ్లిన బేస్, మొత్తం అయిదు. గోడకు చేరేసి పెడితే ఎవరి కాలో తగిలి పడతాయి. పెట్టెల్లో సర్ది మంచం కిందికి తోస్తే మళ్లీ తీయబుద్ధి కాదు. ఒక్కోదానికి ఒక్కో స్టాండు కొంటే గదిలో సగం ఆ స్టాండ్ల కాళ్లకే సరి. అందుకని అన్నీ ఒకే చోట నిలబడే చెక్క స్టాండు తయారు చేయడానికి పూనుకున్నాను. కోతలు, బెజ్జాలు మా వీధి వడ్రంగివి; కొలతలు, తొడుగులు, వార్నిషు నావి.

గిటార్లు అలమరలో పుస్తకాల్లా పక్కపక్కన నిలబడాలి. కింద ముందొకటి, వెనకొకటి రెండు అడ్డపట్టీలు, వాటి మధ్య 9 అంగుళాల ఎడం. గిటారు అడుగు వంపు ఆ రెంటి మధ్య కుదురుకుంటుంది. ముందు పట్టీ వెనకదాని కన్నా 2 అంగుళాలు ఎత్తు, కాబట్టి గిటారు దానంతటదే కాస్త వెనక్కి వాలుతుంది. పైన మూడో పట్టీ. దానికి ముందువైపు పొడుచుకొచ్చిన మేకుల్లాంటి కర్రలు. రెండు కర్రల మధ్య మెడ ఆనుతుంది, అంతే.

నేను గీసిన ఈ బొమ్మ చూడగానే వడ్రంగి అడ్డు తగిలాడు. "మెడ మీద ఆనిస్తే రోజూ అలా ఉండి ఉండి వంగిపోదా సార్?" చాలామందికి ఉండే భయమే ఇది. అకూస్టిక్ గిటారు తీగలు శ్రుతి చేసి ఉంచితే మెడను లాగే బిగువు మొత్తం దాదాపు 70 కిలోలు. గిటారు బరువా, 2 కిలోల చిల్లర. బరువంతా కింది పట్టీల మీదే ఉంటుంది కాబట్టి, వాలు 12 డిగ్రీలు అనుకుంటే మెడ దగ్గర పడే ఒత్తిడి పావు కిలో కూడా ఉండదు. లెక్క చెప్పాక తల ఊపాడు గానీ, పై పట్టీని మాత్రం నేను గీసినదాని కన్నా మందంగానే కోశాడు. వడ్రంగుల దయ అలాగే ఉంటుంది.

పై పట్టీ ఎత్తు ఎంతన్నదే అసలు చిక్కు. మామూలు పెద్ద అకూస్టిక్ పొడవు సుమారు 41 అంగుళాలు, అందులో బాడీ 20. క్లాసికల్ 39. బేస్ 46. పట్టీ అన్నింటికీ బాడీకి పైన, తలకు కింద పడాలి. కింది పట్టీల నుంచి 27 అంగుళాల దగ్గర అయిదూ ఒప్పుకున్నాయి. రెండేసి కర్రల మధ్య గడుల వెడల్పు మాత్రం సమానంగా పెట్టలేదు. అకూస్టిక్ బాడీ మందం 5 అంగుళాలకు కాస్త తక్కువ, దానికి 7 అంగుళాల గడి కావాలి. ఎలక్ట్రిక్ 2 అంగుళాలైనా ఉండదు, 5 చాలు.

ఇక చెక్క. ఎర్రచందనం అడవి మా కంటి ముందే ఉంది. జపాన్‌లో షామిసెన్ అనే తీగల వాద్యానికి ఆ కలపే మేలు రకం. ఇక్కడ దాని ముక్క ఇంట్లో కనిపిస్తే పోలీసులకు జవాబు చెప్పుకోవాలి. నేను కూల్చిన ఇళ్ల సామాను అమ్మేచోట పాత టేకు ద్వారబంధం ఒకటి తెచ్చాను. ఏళ్ల తరబడి ఆరిన కలప ఇక అంతగా మెలి తిరగదు. కానీ అందులో విరిగిన మేకులు దాగి ఉంటాయి. కోతకు ముందు అయస్కాంతాన్ని చెక్క మీద మెల్లగా జరుపుకుంటూ పోతే, ఏమీ లేదనుకున్న చోట టక్కున అతుక్కుంటుంది. అక్కడ తవ్వి తీయాల్సిందే, లేకపోతే రంపం పళ్లు పోతాయి. వడ్రంగి మరలు వాడకుండా కూసం (బెజ్జంలో దూరేలా చెక్కిన కొస), బెజ్జం పెట్టి బిగించాడు. పట్టుకుని ఊపినా కిర్రుమనదు.

మెడలు ఆనే కర్రలకు మావాళ్ల వంటింటి సామాను కొట్టుకు వెళ్లాను. అప్పడాల కర్రను నడుమకు కోస్తే రెండు కర్రలు. లావుగా ఉన్న కొస బెజ్జంలోకి, సన్నబడే కొస బయటికి. ఆ సన్నదనం వల్ల మెడ తడుముకోకుండా లోపలికి జారుతుంది. అయిదు గడులకు ఆరు కర్రలు, అంటే మూడు అప్పడాల కర్రలతో పని అయిపోయింది.

అన్నింటికన్నా ఎక్కువ ఆలోచించింది తొడుగు గురించే. రబ్బరు గొట్టం తొడిగితే సులువే. అయితే నైట్రోసెల్యులోజ్ లక్కర్ పూసిన గిటార్లకు రబ్బరు, పీవీసీ తగిలి ఉంటే పూత మెత్తబడి మచ్చలు పడతాయి. మా అమ్మ మిగిలిపోయిన కలంకారీ గుడ్డ చుట్టమంది. అందంగానే ఉండేది, కానీ చెమట చేతులతో పట్టుకునే లేత రంగు మెడకు అద్దకం అంటుతుందేమోనని ఒప్పుకోలేదు. చివరికి శ్రీకాళహస్తిలో కలంకారీకి వాడే గాడా అనే నూలు గుడ్డ, రంగు వేయనిదే తెచ్చి, లోపల పలుచగా దూది పరిచి చుట్టి, వెనకవైపు కుట్టాను. మాసితే విప్పి ఉతుక్కోవచ్చు.

2021 నవంబరు వరద చూసినవాళ్లం కాబట్టి కింది పట్టీలను నేలకు 8 అంగుళాల ఎత్తున పెట్టించాను. పడమటి గోడకు ఆనించలేదు. మే నెలలో ఆ గోడ రాత్రి పది దాకా వేడి కక్కుతుంది. గిటారు చెక్కకు గాలిలో తేమ 45 నుంచి 55 శాతం ఉంటే మంచిది. మాకు ఎండాకాలం దానికి కిందికి, కార్తీక మాసపు వానల్లో పైకి. స్టాండు పక్కన తేమ చూపే చిన్న మీటరు పెట్టాను. ఎక్కువ రోజులు వాయించనప్పుడు మాత్రం గిటార్లు పెట్టెల్లోకే వెళతాయి. వార్నిషు వాసన పూర్తిగా పోయేదాకా దాని మీద ఏదీ పెట్టలేదు.

మొన్న ఒక శిష్యురాలి తండ్రి ఇలాంటిదే చేయించుకుంటానని కొలతలు అడిగారు. వాళ్లింట్లో ఉన్నవి రెండు చిన్న ఉకులేలేలు, అంటే బుల్లి గిటార్లలాంటి వాద్యాలు. వాటి మొత్తం పొడవే 21 అంగుళాలు, వాటి తల కూడా నా పై పట్టీకి అందదు. నా కాగితం ఇవ్వకుండా, ఉకులేలేలు తెప్పించి టేపు పెట్టి చూసి, 13 అంగుళాల దగ్గర పట్టీ వచ్చేలా వేరే గీసి ఇచ్చాను.