రెండక్షరాల ‘సరే’

మొన్న ఒక స్నేహితుడు పంపిన పొడవాటి సందేశానికి ‘సరే.’ అని జవాబు పెట్టి నా పనిలో పడిపోయాను. సాయంత్రం ఫోను తీసి చూస్తే, ‘నా మీద కోపం వచ్చిందా?’ అని అడిగాడు. నాకు కోపమేమీ లేదు. మాట చివర అలవాటు కొద్దీ పెట్టిన చుక్క అతనికి ముభావంగా తోచింది.

అదే మాట ఎదురుగా కూర్చుని అని ఉంటే ఈ గొడవే ఉండేది కాదు. ‘సరేలే’ అని సాగదీస్తే మనసు ఒప్పకపోయినా ఊరుకున్నట్టు, పుల్ల విరిచినట్టు అంటే ఇక చాలించమన్నట్టు, నవ్వుతూ తలాడించి అంటే నిజంగానే సమ్మతించినట్టు ఎవరూ నేర్పకుండానే మనకు అర్థమవుతుంది. తెరమీదకు వచ్చేసరికి ఇవన్నీ ఒకే రెండక్షరాలుగా మిగులుతాయి. వాటిని ఏ గొంతుతో చదువుకోవాలన్నది అవతలివారి ఆ పూట మనఃస్థితిని బట్టి ఉంటుంది.

ఈ చిక్కు ఫోన్లతో మొదలైంది కాదు. అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో కంప్యూటర్ సందేశాల్లోని హాస్యాన్ని కొందరు నిజమనుకుంటున్నారని, కోలన్, అడ్డగీత, బ్రాకెట్ వరుసగా పేర్చి పక్కకు ఒరిగిన నవ్వుముఖంగా వాడుదామని అక్కడి కంప్యూటర్ శాస్త్రవేత్త స్కాట్ ఫాల్మన్ 1982 సెప్టెంబరు 19న ప్రతిపాదించారు. ఇప్పుడు వేలాది ఎమోజీలు ఉన్నా, చేత్తో పెట్టిన నవ్వు పెదవులపై దానంతటది వచ్చే నవ్వుకు సాటి రాదని నా అభిప్రాయం.

మాటలకన్నా మౌనంతోనే నాకు ఎక్కువ ఇబ్బంది. పది భాషల సంభాషణలను పరిశీలించి 2009లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, ప్రశ్నకూ జవాబుకూ మధ్య ఎడం సగటున సెకనులో అయిదో వంతు మాత్రమేనని తేలింది. అంత వేగానికి అలవాటుపడిన మనం, వాట్సాప్ 2014లో తెచ్చిన నీలి టిక్కులను చూసి గంటల తరబడి ఏవేవో ఊహించుకుంటాం. చదివారని ఆ టిక్కులు చెబుతాయి గానీ, ఎందుకు పలకలేదో చెప్పవు. ఎదురుగా ఉన్న మనిషి మౌనంగా ఉంటే కనీసం అతని కళ్లు కనిపిస్తాయి.

అలాగని సందేశాలను తీసిపారేయలేను. ఏళ్లుగా నోరు పెగలని ఒక క్షమాపణను నేను రాసే చెప్పగలిగాను. నాలుగుసార్లు రాసి, చెరిపి, అయిదోసారి పంపాను. అయితే చేరింది ఆ చివరి నాలుగు వాక్యాలే. ముఖాముఖి అయితే నా తడబాటు కూడా ఆ క్షమాపణలో భాగమయ్యేది. ఇక్కడ దాన్నంతా నేనే తుడిచేశాను.

ఇక మొన్నటి సంగతి. ‘కోపం లేదు’ అని రాసి చూసుకుంటే అదీ కోపంగానే కనిపించింది. చెరిపేసి ఫోను చేశాను. జరిగింది చెప్పబోతుంటే సగంలోనే నవ్వేసి, ‘సరే, సరే’ అన్నాడు.