రేగడి బురద, పసుపుతాడు, ఐదు కిలోమీటర్లు

టఫ్ మడ్డర్ అని, బురదలో అడ్డంకులు దాటుకుంటూ పరిగెత్తే కార్యక్రమం ఒకటుంది. దానికి మా పేర్లిచ్చింది మా అమ్మాయి. ఎవర్నీ అడగలేదు, నలుగురికి టికెట్లు కొనేసి నా ఫోన్‌కి పంపింది: తనకి, నాకు, వాళ్లమ్మకి, మా బామ్మర్దికి. "ఐదు కిలోమీటర్లదే నాన్నా, పదిహేనుది కాదు, ఇందులో కరెంటు తీగలుండవు" అని ధైర్యం కూడా చెప్పింది. కరెంటు తీగలేమిటా అని వెతికితే, పెద్ద కోర్సుల్లో నిజంగానే షాక్ కొట్టే తీగలు వేలాడదీసి వాటి మధ్య నుంచి పరిగెత్తిస్తారట. 2010లో పెన్సిల్వేనియాలో ఇద్దరు బ్రిటిష్ వాళ్లు మొదలుపెట్టారు దీన్ని. ఖాళీగా కూర్చుంటే ఇలాంటివే తోస్తాయి మరి.

అప్పుడు మా అమ్మ డాలస్‌లో మా దగ్గరే ఉంది. విషయం చెప్తే కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఒరేయ్, దమ్ము చేసిన మడిలో దిగమంటే కడుపునొప్పని పడుకునేవాడివి. ఇక్కడ ఎదురు డబ్బులిచ్చి దిగుతావా?" అంది. మాది తెనాలి దగ్గర పల్లె, నాట్ల రోజుల్లో నాకు కడుపునొప్పి వచ్చే మాట నిజమే.

ముందురోజు రాత్రి అసలు టెన్షన్ వేరే వచ్చింది. నగలు పెట్టుకోకండి అని రాసుంది. గాజులు, చెవులవి సరే, మా ఆవిడ మెళ్లో సూత్రాల సంగతేంటి? అత్తయ్య ఏమంటారోనని తను, అమ్మతో ఎలా చెప్పాలా అని నేను, వంటింట్లో గుసగుసలు. అమ్మ వినేసింది. లేచి పోపుల డబ్బా పక్కన ఉన్న పసుపుకొమ్ము ఒకటి తీసి, దారానికి పసుపు రాసి, కొమ్ము కట్టి ఇచ్చింది. "అమ్మాయ్, ఇది కట్టుకుని అవి తీసివ్వు, నా మెళ్లో వేసుకుని కూర్చుంటాను." మేం రెండు గంటలు కొట్టుకున్న సమస్య రెండు నిమిషాల్లో తేలిపోయింది.

అక్కడ స్టార్ట్ లైన్ దగ్గరికి వెళ్లాలంటేనే ఒక గోడ ఎక్కాలి. ఎక్కాక అందరిచేతా ప్రమాణం చేయిస్తారు: ఇది పందెం కాదు, పక్కవాళ్లకి సాయం చేస్తాం, సణగం, సణుగుడు చిన్నపిల్లల పని. మా అమ్మాయి ఆ చివరి మాట నా వైపు చూస్తూ మరీ గట్టిగా అంది.

మొదటి కిలోమీటరు బాగానే పరిగెత్తాను. తర్వాత వచ్చింది మడ్ మైల్. మట్టి గుట్ట, నీళ్ల గుంట, మళ్లీ గుట్ట, మళ్లీ గుంట, వరసగా. గుంటలో కాలు పెట్టగానే మోకాలి దాకా దిగబడింది, లాగితే రావట్లేదు, ఇంకో కాలు ఆనిస్తే అదీ పోయింది. నల్లగా, జిగటగా, కాలిని పట్టుకుని వదలని ఆ బురద నాకు తెలుసు! డాలస్ చుట్టూ ఉన్నది నల్లమట్టి, మన రేగడి లాంటిదే, తడిస్తే జిగురు, ఎండితే రాయి. ఇన్నేళ్లుగా ఈ ఊళ్లో ఉంటూ నేనెప్పుడూ పచ్చగడ్డి కింద ఏముందో చూడనే లేదు.

తాడు అవతల చూసేవాళ్లలోంచి అమ్మ అరుస్తోంది. "కాలు నిలువుగా లాగకురా! మడమ లేపు ముందు, మడమ!" మడమ లేపితే కింద గాలి చొరబడి బురద పట్టు వదులుతుంది. చిన్నప్పుడు నాన్న చెప్పిందే, కడుపునొప్పివాడికి గుర్తుంటుందా. నేను బయటపడి, వెనక ఇరుక్కున్న ఒక ఆరడుగుల అమెరికన్‌కి చేతులతో మడమ చూపించాను. అతనూ బయటికొచ్చి మా అమ్మ వైపు తిరిగి రెండు చేతులూ జోడించాడు. ఎక్కడ నేర్చుకున్నాడో!

పిరమిడ్ స్కీమ్ అని ఒకటుంది. జారుడు ఏటవాలు బల్ల, ఒకరి భుజాల మీద ఒకరు నిలబడితే తప్ప పైకి చేరలేం. అడుగున నేను, నా మీద బామ్మర్ది, "బావా, కదలకు బావా" అని వాడి గోల, మా ఇద్దర్నీ మెట్లలా తొక్కుకుంటూ ముందు అమ్మాయి, తర్వాత మా ఆవిడ. పెళ్లయిన పద్దెనిమిదేళ్లలో తను నా భుజం మీద కాలు పెట్టడం అదే మొదలు. "అయ్యో, తగిలిందా అండీ" అంటూనే ఇంకాస్త గట్టిగా తొక్కింది. మిగతావన్నీ ఎలా దాటామో సరిగ్గా గుర్తులేదు, ఒక షూ మాత్రం ఎక్కడో భూమిలోనే ఉండిపోయింది.

చన్నీళ్ల పైపు కింద ఎంత కడుక్కున్నా పసుపుతాడు మళ్లీ పసుపు రంగుకి రాలేదు. కార్లో సీట్ల మీద చెత్త సంచులు పరుచుకుని కూర్చుని, అమ్మ తెచ్చిన పులిహోర తిన్నాం.

ఇంటికొచ్చాక నా మిగిలిన షూ నుంచి బురద గీకి, అమ్మ ఒక ఖాళీ కుండీలో వేసి ఎండలో పెట్టింది. ఎందుకమ్మా అంటే చెప్పలేదు. నాలుగో రోజు నన్ను పెరట్లోకి పిలిచింది. కుండీ అంతా నెర్రెలు.

"చూశావా, రేగడే" అంది.