ఇరవై ఆరు గేట్లు, ఒక్క అంకె

ఆదివారం, రాత్రి

సాగర్ గేట్లు ఎత్తారని పొద్దుటి నుంచి హాలియా రోడ్డు నిండా కార్లే. బావ కూడా పోదామన్నాడు గానీ, మేనకోడలికి రేపు సీ ప్రోగ్రామింగ్ భాష ల్యాబ్ పరీక్ష. ఆగిపోయాం.

అక్క పెట్టిన తపాలచెక్క ఇంకా చేతిలోనే ఉంది, పిల్ల వచ్చి ల్యాప్‌టాప్ ముందు పెట్టింది. "మామా, ఏ గేటు అడిగినా తెరిచే ఉందంటుంది. రాత్రి నుంచి చూస్తున్న, తప్పు దొరుకుతలేదు."

సాగర్ డ్యాముకు 26 క్రస్టు గేట్లు. ఏది ఎత్తారో, ఏది దించారో గుర్తుపెట్టుకునే ప్రోగ్రాం రాసింది. 26 గళ్ల అర్రే పెట్టుకోలేదు. ఒక్క పూర్ణాంకంలో మామూలుగా 32 బిట్లు, అంటే 0 గానీ 1 గానీ పట్టే గళ్లు, ఉంటాయి కదా, గేటుకో బిట్టు ఇచ్చింది. ఎత్తితే 1, దించితే 0. ఎవరూ చెప్పకుండా తనకే తోచిందట. నాకు ఎంత సంతోషమైందో!

పాత క్యాలెండర్ కాగితం వెనక గళ్లు గీశాను. కుడి చివర ఒకటో గేటు. 1, 3, 4 గేట్లు ఎత్తి ఉన్నాయనుకుంటే గళ్లలో 1101. కుడి నుంచి గళ్ల విలువ 1, 2, 4, 8 కాబట్టి అంకెగా 1+4+8, అంటే 13. అయిదో గేటు సంగతి కావాలంటే 1ని నాలుగు గళ్లు ఎడమకు జరపాలి. ఒక్కో గడికి రెట్టింపవుతూ 16 వస్తుంది. దాన్ని 13తో ఆండ్ చేస్తే, అంటే రెండింట్లోనూ 1 ఉన్న గడిలోనే 1 ఉంచితే, సున్నా. అంటే గేటు దించే ఉంది. కాగితం మీద లెక్క సరిగ్గానే వచ్చింది.

తప్పంతా ఈ ఒక్క లైన్లో ఉంది: గేట్లు & 1 << 4 == 1 << 4

ఇందులో మొదటి గుర్తు ఆండ్, రెండు బాణాలది ఎడమకు జరపడం, రెండు సమాన గుర్తులది పోల్చడం. చూడ్డానికి బాగానే ఉంటుంది. కానీ సీలో ముందు జరపడం, తర్వాత పోల్చడం, ఆఖరున ఆండ్. 16, 16 సమానమా? అవును, కాబట్టి 1. ఆ 1తోనే ఆండ్ జరుగుతుంది. అంటే ఏ గేటు గురించి అడిగినా జవాబు చెప్పేది ఒకటో గేటే! 13 తీసి 12 పెట్టమన్నాను. ఒకటో గేటు దిగింది, దాంతో అన్ని గేట్లూ మూసి ఉన్నాయంది ప్రోగ్రాం. పిల్ల కాసేపు స్క్రీనునే చూసి, ఏమీ అనకుండా బ్రాకెట్లు పెట్టింది.

ఈ వంతుల గొడవకు కారణం సీ భాషను తయారుచేసిన డెనిస్ రిచీయే చెప్పాడు. మొదట్లో అవును-కాదు తర్కానికీ బిట్లకూ ఒకటే & ఉండేది. && తర్వాత వచ్చింది. అప్పటికే రాసిన ప్రోగ్రాంలు చెడిపోకూడదని పాత వరస అలాగే ఉంచేశారు. వార్నింగులన్నీ చూపించమంటే, ప్రోగ్రాంను యంత్రానికి అర్థమయ్యేలా మార్చే కంపైలరే ఇక్కడ బ్రాకెట్లు పెట్టమని చెబుతుంది. పిల్లలకు మొదటి రోజే అది నేర్పాలి.

నేను మోటారు స్టార్టర్ బోర్డులకు ప్రోగ్రాంలు రాస్తాను. అందులో పోర్టుకు, అంటే పిన్నుల గుంపుకు, ఎనిమిది బిట్లు, బిట్టుకో పిన్ను. మూడేళ్ల కింద నాట్ల రోజుల్లో నాలుగో మోటారు ఆన్ కావాలని |= 8 రాయాల్సిన చోట = 8 అని రాశాను. మొదటిది ఉన్న బిట్లను అలాగే ఉంచి నాలుగోదాన్ని 1 చేస్తుంది, రెండోది పాతవన్నీ చెరిపేస్తుంది. నాలుగోది ఆన్ అయింది, నడుస్తున్న రెండు మోటార్లు ఆగిపోయాయి. తెల్లారి మడి గట్టున నిలబడి ఆ రైతు ఫోన్ చేసిన గొంతు ఇప్పటికీ చెవిలో ఉంది. కదిలించాల్సిన దాన్నే కదిలించి, పక్కవాటిని ముట్టుకోకపోవడమే ఈ ఆపరేటర్లలో నాకు ప్రాణం. ఆ సంగతి పిల్లకు ఇవాళ చెప్పాను.

సాయంత్రం కాగితం మళ్లీ తీసింది. "మూడోది దించుతున్న చూడు మామా." 4లోని బిట్లను తిరగేసి, 0ని 1గా, 1ని 0గా చేసి, ఆండ్ చేసింది. 1101 కాస్తా 1001 అయింది. తర్వాత లూప్ రాసింది. చివరి బిట్టు చూడడం, కుడికి ఒక గడి జరపడం, ఇలా 26 సార్లు. ఎత్తి ఉన్న గేట్లు: 2.

"ఒకటోది, నాలుగోది. అవి కదల్లేదు" అని కాగితం మీద వేలు పెట్టి చూపించింది.