వంద శాతం రాకపోయినా, పని చేయలేని మాజీ సైనికులకు దక్కవలసినది

అమెరికా సైన్యంలో పనిచేసి గాయాలతోనో జబ్బులతోనో బయటికి వచ్చినవారి వైకల్యాన్ని అక్కడి మాజీ సైనికుల వ్యవహారాల శాఖ పదేసి శాతాల మెట్లలో కొలిచి, దాన్నిబట్టి నెలవారీ పరిహారం ఇస్తుంది. అయితే ఆ లెక్క మామూలు కూడిక కాదు. ఒక జబ్బుకు 50, మరొకదానికి 30 శాతం ఇస్తే మొత్తం 80 కాదు. మిగిలిన సగంలో 30 శాతమే కలిపి 65 అని తేల్చి, దానిని 70కి సవరిస్తారు. అందువల్ల ఒళ్లంతా గుల్లయిన మనిషి కూడా కాగితం మీద వందకు చేరడం కష్టం.

ఈ లోటును తీర్చడానికే టీడీఐయూ (ఉద్యోగం చేయలేని స్థితిని బట్టి పూర్తి వైకల్యంగా గుర్తించడం) అనే ఏర్పాటు ఉంది. సేవ వల్ల వచ్చిన ఒకే వైకల్యం 60 శాతమైనా ఉండి, లేదా పలు వైకల్యాల్లో ఒకటి 40కి తగ్గకుండా మొత్తం 70కి చేరి, వాటి కారణంగా బతుకుతెరువుకు సరిపడే ఉద్యోగంలో నిలవలేకపోతే, వంద శాతం వారికిచ్చే పరిహారమే ఇస్తారు. ఈ అంకెలు అందనివారినీ ప్రత్యేక పరిశీలనకు పంపే వీలుంది. వయసు మీరడాన్ని, సేవతో సంబంధం లేని జబ్బులను మాత్రం లెక్కలోకి తీసుకోరు.

నన్ను ఎక్కువగా బాధించేది దరఖాస్తు నింపే తీరు. 21-8940 ఫారంలో ఎక్కడ పనిచేశారు, వారానికి ఎన్ని గంటలు, అనారోగ్యంతో ఎంత కాలం పనికి వెళ్లలేకపోయారు అని వివరంగా అడుగుతారు. నాకు తెలిసిన ఒకాయన అక్కడ ‘నడుము నొప్పి’ అని రాసి ఊరుకున్నారు. మధ్యాహ్న విరామంలో ఆయన కారు వెనుక సీటులో పడుకునేవారనీ, కూర్చుని చేసే పనికి మార్చినా గంటకు మించి కూర్చోలేకపోయారనీ ఆయన భార్య చెబితేనే తెలిసింది. ఓర్పును గొప్పగా నేర్పిన కొలువు నుంచి వచ్చినవారు తమ బాధను తగ్గించి చెప్పడం సహజమే గాని, నిర్ణయం తీసుకునే అధికారికి కనిపించేది ఆ కాగితమే. ఆమె చూసినదంతా వాంగ్మూలంగా రాసి జతచేశారు. కుటుంబసభ్యుల మాటకూ సాక్ష్యంగా విలువ ఉంటుంది.

పేదరిక పరిమితికి లోబడిన చిన్నపాటి సంపాదన ఈ సాయానికి అడ్డు కాదు. నిరాకరిస్తే ఏడాదిలోగా కొత్త ఆధారాలతో మళ్లీ అడగవచ్చు, పై అధికారి చేత పునఃపరిశీలన కోరవచ్చు, లేదా మాజీ సైనికుల అప్పీళ్ల బోర్డుకు అప్పీలు చేయవచ్చు. ఆ గడువు దాటకుండా చూసుకుంటే, తరువాత గెలిచినప్పుడు బకాయిని మొదటి దరఖాస్తు నాటి నుంచే లెక్కగట్టే అవకాశం నిలిచి ఉంటుంది.